పట్నంల రూము కోసం పోతే ముందుగాల మెట్లు సూడుండ్రి

డిగ్రీ పరీక్షలు అయిపోంగనే, లేకుంటే గ్రూప్స్ నోటిఫికేషన్ పడుతదన్న ముచ్చట ఇనంగనే మా ఊరి దిక్కు నుంచి నాకు ఫోన్లు మొదలైతయి. "అన్నా, పట్నం వస్తున్న. ఏ ఏరియా మంచిగుంటది? ఏ ఏరియాకు పోవద్దు?" పద్నాలుగేండ్ల సంది ఈ పట్నంల ఉంటున్న. చిక్కడపల్లిల ఉన్న, బోరబండల ఉన్న, చాంద్రాయణగుట్ట దిక్కు రెండేండ్లున్న, ఇప్పుడు మూసాపేటల ఉంటున్న. జనగామ దిక్కు నుంచి వచ్చే పోరగాండ్లకు, ఆడపిల్లలకు రూములు సూసిపెట్టుడు నాకు ఇంకో నౌకరి లెక్క అయింది. పైసలు రాని నౌకరి. గట్ల తిరిగి తిరిగి నాకు ఏం సమజైందో అది ఇక్కడ రాస్తున్న.

ముందుగాల ఈ "మంచి ఏరియా, చెడ్డ ఏరియా" అన్న మాట సంగతి సూద్దాం. ఊర్లె మనకు ఈ మాట ఎవరు చెప్తరు? ఎన్నడో పదేండ్ల కింద పట్నం వచ్చి, సిటీ బస్సుల జేబు పోగొట్టుకున్న చిన్నాయన చెప్తడు. ఆయనకు ఆ బస్టాపు పేరు తప్ప ఆ ఏరియా గురించి ఇంకేం ఎర్కలేదు. లేకుంటే టీవీ చెప్తది. పాతబస్తీ పేరు టీవీల ఎప్పుడు ఇనబడుతది? లొల్లి అయినప్పుడు, పోలీసులు కార్డన్ సర్చ్ చేసినప్పుడు. అక్కడ లక్షల మంది పొద్దుగాల లేసి, దుకాణం తెరిచి, పిల్లలను బడికి తోలి, రాత్రి తిని పండుకుంటరన్నది ఎవ్వరికీ వార్త కాదు. ఇంకొకటి గూడ మనసుల పెట్టుకోండ్రి. ఏ బస్తీకన్న చెడ్డపేరు ఉన్నదంటే, అండ్ల సగం పేరు ఆ బస్తీల ఉండేటోళ్ళు బీదోళ్ళని, లేకుంటే ముస్లింలని, లేకుంటే దళితులని వచ్చినదే. మన ఊర్లె గూడ "వాడ దిక్కు పోకురా" అని చెప్పేటోళ్ళు ఉంటరు కద, గిది గూడ గట్లనే.

నేను చాంద్రాయణగుట్ట దిక్కు ఉన్నప్పుడు మా గల్లీ చిన్నది. ఆటో పోతే గోడకు ఆనుకొని నిలబడాలె. కని రాత్రి పదకొండింటికి గూడ ఆ గల్లీల మనుషులు కనబడుతుండిరి. ఒకాయన గడప మీద కూసొని ఫోన్ సూస్తుంటడు, ఒకామె నల్లా కోసం బిందెలు పెడుతుంటది. నేను ఆలస్యమైతే ఓనరమ్మ కిటికీల నుంచే "ఖానా ఖాయే బేటా?" అని అడిగేది. ఎవడన్న కొత్తోడు గల్లీల రెండుసార్లు తిరిగితే ముగ్గురు అడుగుతుండిరి, ఎవరు కావాలె భాయ్ అని. ఇగ అదే కాలంల గచ్చిబౌలి దిక్కు పనికి పోతుంటి. రోడ్లు నాలుగు లైన్లు, లైట్లు, అద్దాల బిల్డింగులు. రాత్రి తొమ్మిది దాటితే ఫుట్‌పాత్ మీద నడిచే మనిషి కనబడకపోతుండె. గోడ, గేటు, కారు, మళ్ళ గోడ. ఆపదొచ్చి ఒర్లితే ఇనేటోడు లేడు.

అట్లని పాతబస్తీ అంత మంచిది, ఐటీ దిక్కు అంత చెడ్డది అని నేనంటలేను. ఒక్క ఏరియా అంటే లక్ష మంది. అండ్ల ఒక గల్లీకి, దాని పక్క గల్లీకి పొత్తు ఉండది. కుకట్‌పల్లి మంచిదా అంటే ఏం చెప్పాలె? ఏ ఫేజ్, ఏ రోడ్డు, ఏ బిల్డింగు, ఎన్నో అంతస్తు అన్నది తెల్వకుంట జవాబు ఉండది. ఈ ఏరియా పేర్ల భయంతోని మనోళ్ళు నష్టపోతున్రు. బస్తీల రూము వద్దని, "మంచి ఏరియా" పేరుకు నెలకు రెండు వేలు ఎక్కువ కట్టి, ఐదో అంతస్తుల ప్లైవుడ్ చెక్కలతోని అడ్డం కట్టిన గదిల నలుగురు పండుకుంటరు. దొంగ రాడన్న ధీమా. కని పట్నంల మన పిల్లలను మింగేది ఎక్కువగ దొంగలు కాదు.

ఒక్కసారి లెక్క సూడుండ్రి. 2022 మార్చి 23 తెల్లారుజామున బోయగూడల తుక్కు గోదాం అంటుకున్నది. పైన పండుకున్న 11 మంది బిహార్ కూలీలు చనిపోయిన్రు. కిందికి దిగనీకి ఉన్నది చుట్టు తిరిగే ఇనుప మెట్లు ఒక్కటే. అదే ఏడు సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్ల ఒక లాడ్జిల 8 మంది పోయిన్రు. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, మంట అక్కడ లేసింది, పొగ మెట్ల మీదుగ పైకి ఎక్కింది. 2023 మార్చి 16 నాడు సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌ల ఆరుగురు. అందరు ఇరవై చిల్లర ఏండ్ల పిల్లలే. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం దిక్కు ఊర్ల నుంచి నౌకరి కోసం వచ్చినోళ్ళు. అదే ఏడు నవంబర్‌ల నాంపల్లి బజార్‌ఘాట్ల కనీసం 9 మంది, అపార్టుమెంటు కింద కెమికల్ డ్రమ్ములు పెట్టిన్రు. 2025 మే 18 పొద్దుగాల చార్మినార్ కాడ గుల్జార్ హౌజ్‌ల 17 మంది, అండ్ల చిన్న పిల్లలు ఎనిమిది మంది.

వీళ్ళల్ల ఎక్కువ మందిని సంపింది మంట కాదు, పొగ. మెట్లనిండ పొగ నిండె. స్వప్నలోక్ పిల్లల తల్లిదండ్రులు పట్నం పంపేటప్పుడు ఏం జాగ్రత్తలు చెప్పి ఉంటరు? రాత్రిపూట తిరుగకు బిడ్డా, ఎవరితోని మాట్లాడకు, పైసలు జాగ్రత్త అని చెప్పి ఉంటరు. ఆ బిల్డింగుకు ఎన్ని మెట్లున్నయి, అవి తెరిచి ఉన్నయా అని అడగాలన్నది ఏ తల్లికి తెలుస్తది? మన ఊర్లె ఇంటికి ముంగట దర్వాజ, ఎనక దర్వాజ. అగ్గి అంటుకుంటే ఎటన్న ఉరుకొచ్చు. గందుకే మనకు ఆ భయమే అలవాటు లేదు.

గందుకే నేను ఎవరికన్న రూము సూడబోతే ముందుగాల రూము సూడ. మెట్లు సూస్త.

మెట్లు ఎన్ని దిక్కుల ఉన్నయి? ఒక్క దిక్కే ఉంటే, ఎంత వెడల్పు? ఇద్దరు మనుషులు ఎదురెదురు పోగలుగుతరా? మెట్ల కింద ఏమున్నది? ఎక్కువ బిల్డింగులల్ల కరెంటు మీటర్ల బోర్డు మెట్ల కిందనే ఉంటది, దాని ముంగటనే బండ్లు పెడుతరు. ఈ నడుమ ఎలక్ట్రిక్ స్కూటర్లకు రాత్రంత అక్కడనే చార్జింగ్ పెట్టి పండుకుంటున్రు. అంటుకుంటే పైన ఉన్నోళ్ళ తోవ మూసుకుపోయినట్టే. కింద సెల్లార్ల దుకాణమా, గోదామా, పెయింట్లా, పరుపులా, ప్లాస్టిక్కా? హాస్టల్ వంటగది ఎక్కడ ఉన్నది, గ్యాస్ బండలు ఎక్కడ పెట్టిన్రు? పైకి పోయి టెర్రస్ దర్వాజ సూడుండ్రి. తాళం ఉంటే, తాళంచెవి ఎవరి కాడ ఉంటదో అడుగుండ్రి. "టెర్రస్ మీద పిల్లలు సిగరెట్లు తాగుతున్రని మూసినం" అని చెప్తరు. సరే, మూసిన్రు. రాత్రి రెండింటికి కింద పొగ లేస్తే ఆ చెవి ఎవడు తెస్తడు? గట్లనే పదింటికి కింద గేటుకు తాళం ఏసి ఎల్లిపోయే హాస్టళ్ళు ఉన్నయి, ఆడపిల్లల హాస్టళ్ళు మరీ ఎక్కువ. భద్రత కోసమంటరు. తాళం ఏస్తే ఏసిన్రు, చెవి లోపట ఉండే మనిషి కాడ ఉండాలె. కిటికీలకు ఇనుప గ్రిల్స్ అతికించి ఉంటే గది చిన్నదైనా సరే అండ్ల ఒక్క గ్రిల్ అన్న తెరుసుకునేటట్టు ఉన్నదా సూడాలె.

మీకు ఒక పరీక్ష చెప్త. రూములకు పోయినంక కండ్లు మూసుకొని ఒక్కసారి మీ మంచం నుంచి బిల్డింగు బయటి దాక పోయి సూడుండ్రి. గోడ తడుముకుంట, మెట్లు లెక్కపెట్టుకుంట. నవ్వుతరు పక్కోళ్ళు. నవ్వనియ్యిండ్రి. పొగల ఏం కనబడది, ఆ లెక్కనే తోవ సూపిస్తది. అగ్గి అంటుకున్నప్పుడు లిఫ్టు ఎక్కొద్దు. పొగ పైకి పోతది గనుక వంగి, అవసరమైతే పాకుకుంట పోవాలె. మెట్లనిండ పొగ ఉంటే దిగుతనని మొండి చెయ్యొద్దు, దర్వాజ పెట్టుకొని సందులకు తడిబట్ట కుక్కి, కిటికీ కాడికి వచ్చి ఒర్లాలె. ఫైరోళ్ళ నంబర్ 101.

రెండోది నీళ్ళు. ఈ ముచ్చటల మాత్రం పట్నపోళ్ళ కంటే ఊరోళ్ళకే తెలివి ఎక్కువ అని నేను గట్టిగ చెప్త. మనకు చెరువు కట్ట ఏంది, మత్తడి ఏంది, అలుగు పారితే నీళ్ళు ఎటు పోతయి అన్నది చిన్నప్పటి సంది ఎర్కనే. పట్నంల ఆ తెలివిని సంచిల పెట్టి మర్చిపోతం. హైదరాబాద్ చెరువుల మీద కట్టిన ఊరు. పేర్లల్లనే జాడ ఉన్నది. నల్లకుంటల కుంట ఉన్నది. తలాబ్‌కట్ట అంటే ఉర్దూల చెరువు కట్ట. మాసబ్ ట్యాంక్ అంటే మా సాహెబా తలాబ్. చెరువు పోయింది, పేరు మిగిలింది. వాన దంచి కొడితే నీళ్ళు మాత్రం పాత తోవను మర్చిపోవు.

2020 అక్టోబర్ 13 రాత్రి కొట్టిన వానకు టోలిచౌకి నదీం కాలనీ, ఫలక్‌నుమా దిక్కు అల్ జుబైల్ కాలనీ దినాల తరబడి నీళ్ళల్లనే ఉన్నయి. గ్రౌండ్ ఫ్లోర్ల కిరాయికున్నోళ్ళు సర్టిఫికెట్లు, బియ్యం, ఫ్రిజ్జు అన్ని పోగొట్టుకున్నరు. 2025 సెప్టెంబర్ల మూసి పొంగి ఎంజీబీఎస్ బస్టాండ్ లోపటికే నీళ్ళొచ్చినయి. మనందరం దిగే బస్టాండే అది. గ్రూప్స్‌కు చదువుకునేటోళ్ళు అందరు పోయి ఉండే అశోక్‌నగర్ పక్కపొంటే హుసేన్‌సాగర్ మత్తడి నాలా పోతది, నల్లకుంట దిక్కు నుంచి పోయి మూసిల కలుస్తది. నాలాకు ఆనుకొని తక్కువ కిరాయికి రూములు దొరుకుతయి. ఎందుకు తక్కువో వానకాలంల తెలుస్తది.

గని నాలా బీదోళ్ళ ఏరియాలనే ఉంటదనుకోవద్దు. 2021 సెప్టెంబర్ల మణికొండల, పేరుకు మంచి ఐటీ ఏరియా, తెరిచి పెట్టిన డ్రైనేజీల పడి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కొట్టుకపోయిండు. నడుచుకుంట పోతున్న మనిషి. రోడ్డు మీద నీళ్ళు నిలిచినయి, కింద గుంత ఉన్నదని కనబడలే. వానల రోడ్డు నిండ నీళ్ళుంటే గోడ పక్కపొంటి నడువొద్దు, గుంతలు, మ్యాన్‌హోళ్ళు ఎక్కువ అక్కడనే ఉంటయి. వాన తగ్గేదాక ఏదన్న దుకాణం మెట్ల మీద ఆగుండ్రి. పరీక్ష పోతే మళ్ళ వస్తది.

రూము సూసేటప్పుడు గ్రౌండ్ ఫ్లోర్ గోడలు సూడుండ్రి. మోకాలంత ఎత్తుల ఒక గీత లెక్క సున్నం ఊడి ఉంటే నీళ్ళు అక్కడిదాక వచ్చినట్టు. కొత్త రంగేస్తే ఆ గీత కనబడది, గందుకే గల్లీ కొసకున్న కిరాణం ఆయనను అడుగాలె. "2020ల నీళ్ళొచ్చినయా సేటు?" అంటే ఆయన చెయ్యి పెట్టి ఎత్తు సూపిస్తడు. ఓనర్ చెప్పడు. తాగేటి నీళ్ళ సంగతి గూడ అక్కడనే అడుగుండ్రి, నల్లా ఎన్ని రోజులకొకసారి వస్తది, ఎండకాలం బోరు ఎండుతదా, ట్యాంకర్ పైసలు ఎవరు కడుతరు అని. పడమటి దిక్కు పెద్ద పెద్ద అపార్టుమెంట్లు గూడ ఎండకాలం ట్యాంకర్ల మీదనే బతుకుతయి. ఇంకోటి, చెరువు శిఖం భూమిల కట్టిన బిల్డింగా అన్నది గూడ కనుక్కోండ్రి. 2024 జులైల హైడ్రా వచ్చిన కాడి నుంచి ఇండ్లు కూలగొట్టుడు సూస్తున్నం కద. కట్టినోడు ఎక్కడనో ఉంటడు, సామాను మాత్రం కిరాయిదారుది రోడ్డు మీద పడుతది.

ఇగ గల్లీ సూసుడు. ఒక్కసారి పగటిపూట సూసి అడ్వాన్సు ఇయ్యొద్దు. పొద్దుగాల ఎనిమిదింటికి ఒకసారి, రాత్రి పదింటికి ఒకసారి పోవాలె. పొద్దుగాల పోతే చెత్త బండి వస్తదా, డ్రైనేజీ పారుతదా, పిల్లలు బడికి నడిచి పోతున్రా తెలుస్తది. రాత్రి పోతే లైట్లు ఎన్ని పనిచేస్తున్నయి, దుకాణం ఎన్ని గంటల దాక తెరిచి ఉంటది, మందు దుకాణం ముంగట ఎవరు నిలబడుతరు తెలుస్తది. నేను ఎక్కువ నమ్మే గుర్తు ఏందంటే, రాత్రి తొమ్మిదింటికి ఆ గల్లీల ఆడోళ్ళు, ముసలోళ్ళు ఇంటి ముంగట కూసున్నరా లేదా. కూసున్నరంటే ఆ గల్లీ మంచిదే, బోర్డు మీద ఏ పేరున్నా సరే. మొగ పోరగాండ్లు ఒక్కరే కనబడుతున్రంటే కొంచెం ఆలోచన చెయ్యాలె. బస్టాపు నుంచి రూము దాక నడిచి సూడాలె, బండి మీద పోవద్దు. బండి మీద పోతే రెండు నిమిషాలే అనిపిస్తది. నడిస్తే తెలుస్తది నడుమల ఖాళీ ప్లాటు ఉన్నదని, అక్కడ ఎనిమిది కుక్కలున్నయని. కుక్కల ముచ్చట నవ్వులాట కాదు, రాత్రి డ్యూటీ చేసి వచ్చేటోళ్ళను అడుగుండ్రి.

ఆడపిల్లలు ఎవరిని అడుగాలె? ఓనర్‌ను కాదు, బ్రోకర్‌ను కాదు. ఆ ఏరియాల రాత్రి డ్యూటీ చేసి వచ్చే నర్సమ్మను, కాల్‌సెంటర్ల పనిచేసే అమ్మాయిని, తెల్లారుజామున రోడ్లు ఊడిచే అక్కను అడుగాలె. ఏ మలుపు కాడ భయమో, ఏ ఆటో స్టాండు కాడ సతాయిస్తరో వాళ్ళ కంటే ఎక్కువ ఎవరికి తెల్వది. మనసు మండే ముచ్చటే గని యాద్జేసుకోవాలె. 2013 అక్టోబర్ల ఐటీ ఉద్యోగిని కారుల ఎత్తుకపోయింది హైటెక్ సిటీ దిక్కు. 2019 నవంబర్ల షంషాబాద్ దిక్కు ఘోరం జరిగింది టోల్‌గేట్ కాడ, పెద్ద రోడ్డు పక్కన. రెండు గూడ బస్తీలల్ల కాదు. నలుగురు మనుషులున్న ఇరుకు గల్లీ కంటే, మనిషి లేని ఎడల్పు రోడ్డు కాడ ఎక్కువ జాగ్రత్త ఉండాలె.

2023 డిసెంబర్ సంది తెలంగాణ ఆడోళ్ళకు ఆర్టీసీ బస్సు ఫ్రీ ఉన్నది కద. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల నడుస్తది, ఆధార్ కార్డు ఎంట ఉండాలె. అందుకని ఆడపిల్లలు కోచింగ్ పక్కనే ఉండాలని ఇరుకు హాస్టల్‌కు పోయే బదులు, నాలుగైదు స్టాపుల అవతల మంచి రూము సూసుకోవచ్చు. ఒక్కటే షరతు, బస్టాపు గల్లీకి దగ్గర ఉండాలె, రాత్రి ఆఖరి బస్సు ఎన్నింటికో ఎర్క ఉండాలె. మెట్రో గూడ పదకొండు చుట్టుపక్కల బంద్ అయితది. ఎవడన్న ఎంబడి పడితే, ఫోన్ల సతాయిస్తే షీ టీమ్స్ ఉన్నయి. 2014 సంది పనిచేస్తున్నయి, పేరు బయట పెట్టరు. రాత్రి ఒక్కతే ఆటోలనో క్యాబ్‌లనో పోవాల్సి వస్తే టీ-సేఫ్ ఉన్నది. 100 కొట్టి 8 నొక్కితే మీ బండి ఎటు పోతున్నదో పోలీసోళ్ళు సూస్తుంటరు, స్మార్ట్ ఫోన్ లేకున్నా నడుస్తది. ఏదన్న జరిగితే "మా పరిధి కాదు, అవతల స్టేషన్‌కు పో" అంటే ఒప్పుకోవద్దు. జీరో ఎఫ్ఐఆర్ అని ఉన్నది, ఏ స్టేషన్ల అయినా రాసుకోవాలె.

మనం ఏరియాను సూస్తుంటే, ఏరియా గూడ మనల సూస్తది. టు-లెట్ బోర్డు సూసి పోతే ఓనర్ మొదటి ప్రశ్న కిరాయి గురించి ఉండది. "మీరు ఏమోళ్ళు?" అని అడుగుతడు. నౌకరి ఏంది అని గాదు, కులమేంది అని. నేరుగ అడుగనోళ్ళు ఇంటి పేరు అడుగుతరు, లేకుంటే "మాంసం వండుతరా?" అంటరు. పెండ్లికాని పోరలకు ఇయ్యరు, ఒంటరి ఆడపిల్లకు అసలే ఇయ్యరు. నా సోపతిగాడు నల్లగొండ జిల్లా ఆయన, సాఫ్ట్‌వేర్ నౌకరి, మంచి జీతం. ఫోన్ల మాట్లాడినప్పుడు రూము ఖాళీ ఉన్నది. పోయి పేరు చెప్పినంక ఓనర్‌కు చుట్టాలు వస్తున్రు. ఒక్క నెలల ఏడు ఇండ్లల్ల ఏడుగురికి చుట్టాలొచ్చిన్రు. ఆఖరుకు ఆఫీసుకు రెండు గంటల దూరంల, పాతబస్తీల ఇల్లు తీసుకున్నడు. ఇగ రేపు ఎవడో అంటడు, "వాళ్ళంత ఒక్కతాననే ఎందుకుంటరు" అని.

ఇట్ల అడిగితే ఏం చెయ్యాలె అంటే నా కాడ మంత్రం లేదు. అబద్ధం చెప్పి దిగినోళ్ళు నాకు తెలుసు, రోజూ భయపడుకుంట బతికిన్రు. కూర వండితే కిటికీలు మూసుకొని వండిన్రు. నేనైతే అసొంటి ఓనర్ కాడ ఉండకుంటేనే మంచిదని చెప్త, ఎందుకంటే దర్వాజ కాడనే గట్ల మాట్లాడేటోడు అడ్వాన్సు వాపసు ఇచ్చేటప్పుడు ఎట్ల మాట్లాడుతడో ఊహించుకోవచ్చు. మన దిక్కు నుంచి ముందుగాల వచ్చినోళ్ళు, కాలేజీ సోపతులు, ఊరి వాట్సాప్ గ్రూపులు ఇసొంటి కాడ పనికొస్తయి. ఎవరి ఇంట్ల మనిషిని మనిషి లెక్క సూస్తరో వాళ్ళకు తెలుస్తది.

కాయితాల ముచ్చట తొందరగ చెప్త. అడ్వాన్సు ఎంత, నోటీసు ఎన్ని రోజులు, రంగుల పైసలు కోస్తరా అన్నది కాయితం మీద ఉండాలె. పదకొండు నెలల అగ్రిమెంటు ఎందుకంటే, ఏడాదికి మించితే రిజిస్ట్రేషన్ చెయ్యాలన్న చట్టం ఉన్నది, దాన్ని తప్పించనీకి. అది మామూలే, భయపడొద్దు. హాస్టళ్ళు అగ్రిమెంటు ఇయ్యవు, గందుకే పైసలు చేతికి ఇయ్యకుంట ఫోన్‌పే, గూగుల్‌పే కొట్టుండ్రి, రుజువు ఉంటది. దిగిన రోజు గోడలు, నల్లాలు, ఫ్యాను అన్ని వీడియో తీసి ఓనర్‌కే వాట్సాప్‌ల పంపుండ్రి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవ్వరికీ ఇయ్యొద్దు. హాస్టలోడు అడిగినా, కన్సల్టెన్సీ వాడు అడిగినా, నౌకరి ఇచ్చేటోడు "దగ్గర పెట్టుకుంటం" అన్నా ఇయ్యొద్దు. సూపించి తెచ్చుకోవాలె. ఆధార్ జిరాక్స్ ఇస్తే దాని మీద అడ్డంగ "ఫలానా హాస్టల్ కోసం" అని తారీఖు ఏసి రాసుండ్రి. నాలుగు అంకెలే కనబడే మాస్క్డ్ ఆధార్ గూడ ఉన్నది, ఆధార్ వెబ్‌సైట్ల దొరుకుతది, దాన్నే ఇయ్యొచ్చు.

పైసల మోసాలల్ల మన పల్లె పోరగాండ్లు ఎక్కువ ఇరుక్కునేవి రెండు. ఒకటి, ఆన్‌లైన్ల రూము ఫోటోలు పెట్టి, "నేను మిలిటరీల ఉన్న, ఊర్లె లేను, టోకెన్ కొట్టు, తాళంచెవి పంపిస్త" అనేటోళ్ళు. కండ్లతోని సూడని రూముకు రూపాయి గూడ కొట్టొద్దు. రెండోది ఇంకా పాడు. "నీ బ్యాంకు అకౌంట్, సిమ్ము మాకు ఇయ్యి, నెలకు పది వేలు కమీషన్" అంటరు. పైసలకు కష్టంగున్న టైంల మంచిగనే కొడుతది ఆ మాట. ఆ అకౌంట్లకు వచ్చేది ఎక్కడనో సైబర్ మోసంల ఒక ముసలాయన పోగొట్టుకున్న పింఛను పైసలు. పోలీసులు ముందుగాల వచ్చేది అకౌంట్ ఎవరి పేరు మీద ఉన్నదో వాళ్ళ ఇంటికే. వేరే రాష్ట్రం పోలీసులు గూడ వస్తరు. కేసైతే సర్కారు నౌకరి ఆశ అక్కడికే అయిపోయినట్టు.

మొదటి వారం రూముల కూసోకుండ్రి. గల్లీల కిరాణం ఆయనకు, ఇస్త్రీ ఆయనకు, చాయ్ బండి ఆయనకు మీ పేరు, ఊరు చెప్పుండ్రి. దగ్గర సర్కారు దవాఖాన ఎక్కడ, పోలీస్ స్టేషన్ ఎక్కడ, ఏ బస్సు ఎక్కితే జేబీఎస్‌కో ఎంజీబీఎస్‌కో పోతం అని నడిచి తెలుసుకోండ్రి. పక్క రూమోళ్ళ నంబర్ ఇంటికి పంపుండ్రి, ఇంటి నంబర్ పక్క రూమోళ్ళకు ఇయ్యిండ్రి. ఆపదకు 100 లేకుంటే 112, ఆడోళ్ళకు 181, దవాఖానకు 108, అగ్గికి 101, పైసలు ఆన్‌లైన్ల పోతే వెంటనే 1930. పైసలు పోయిన గంట లోపటనే కొడితే ఆపే అవకాశం ఎక్కువ. ఫోన్ పోతే సీఈఐఆర్ పోర్టల్ల ఆ ఫోన్‌ను బ్లాక్ చెయ్యొచ్చు, దానికి ఫోన్ ఐఎంఈఐ నంబర్ కావాలె. ఆ నంబర్, ఈ హెల్ప్‌లైన్లు, ఇంటి నంబర్ రెండు, అన్ని ఒక కాయితం మీద రాసి పర్సులనో పుస్తకంలనో పెట్టుకోండ్రి. ఫోన్ పోయిన రోజే వాటితోని పని పడుతది.